రోగమునకు పెట్టు సొమ్ము దండుగయా, పెట్టుబడియా?

సొసైటీ సభలలో ఆస్పత్రుల మాట వచ్చినప్పుడెల్ల మన సభ్యులలో కొందరు, "ముందు రాబడి పెరుగవలె, వైద్యము సంగతి పిదప చూచుకొందము" అనుచున్నారు. ఈ అభిప్రాయము సరికాదని మేము చెప్పదలచితిమి.

ఉద్దానము బీద నేల కాదు. ఉద్యానవనమను మాటయే ఈ పేరైనదని పెద్దలందురు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములందు కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు కలవు. పలాస జీడిపప్పు దూరదేశములకుఁ బోవుచున్నది. ఇట్టి సీమలో కొన్ని దశాబ్దములుగా మూత్రపిండముల రోగము కాపురములను కూల్చుచున్నది. కారణము నేటికిని నిశ్చయముగా తేలలేదు. నీరనువారు కలరు, ఎండలో దాహము తీర్చుకొనక చేయు పని యనువారు కలరు, నొప్పిమాత్ర లనువారును కలరు. మధ్య అమెరికా చెరకుతోటల కూలీలకును, సింహళమునందలి వరి రైతులకును ఇట్టి రోగమే పట్టినది. ఎక్కడఁ జూచినను పడువాడు కష్టజీవియే.

ఒక సభ్యుని సంగతి వినుడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరిచెట్లను పడగొట్టిన పిమ్మట అతడు అప్పు తీసికొని మొక్కలు నాటెను. మొక్కలకుఁ బోగా మిగిలినదియు, ఆవు నమ్మిన సొమ్మును, డయాలసిస్‌కై తిరుగు బండి కిరాయిలకుఁ బోయెను. వారమునకు రెండు మూడు మారులు, మారునకు నాలుగు గంటలు. తోడుపోవు భార్యకు ఆనాటి కూలి లేదు. కొబ్బరి కాపునకు ఆరేడేండ్లు పట్టును గదా! చెట్లు కాపునకు వచ్చినవి, అతడు లేడు. అప్పు మాత్రము సొసైటీ పద్దులలో నున్నది. మేమతనికి ఎరువుల మోతాదు పలుమారులు చెప్పితిమి గాని, రక్తపరీక్ష చేయించుకొమ్మని ఒక్కనాడును చెప్పమైతిమి.

ప్రభుత్వము ఊరకుండలేదు. 2019లో డయాలసిస్ రోగులకు పింఛను నెలకు 10,000 రూపాయలు చేసిరి. 2023 డిసెంబరు 14వ తేదీన పలాసలో 200 పడకల ఆస్పత్రియు, హిరమండలము నుండి వంశధార నీటిని తెచ్చు సుమారు 700 కోట్ల రూపాయల మంచినీటి పథకమును ప్రారంభమైనవి. ఇవి మెచ్చదగినవే. కాని పింఛను రోగము ముదిరిన పిదప వచ్చు సొమ్ము. విత్తనశుద్ధికిని, చీడ పట్టిన పిమ్మట కొట్టు మందునకును ఖర్చులో ఎంత భేదమో రైతుకు మేము చెప్పనక్కరలేదు.

ధనికసీమ వైద్యమునకు ఎక్కువ వెచ్చించును, అందుచే మరింత కలిగినదగును, బీదసీమ వెనుకఁబడును. 1970 ప్రాంతమున కేరళపు తలసరి ఆదాయము దేశపు సగటుకన్న తక్కువ. అయినను వారు చదువునకును వైద్యమునకును వెనుదీయలేదు. కలిమి తరువాత వచ్చినది. జనసంఖ్యనుబట్టి మాత్రమే నిధులు పంచినచో మనకు న్యాయము జరుగదు, రోగమునుబట్టి పంచవలెను.

మన వంతు పనియు నొకటి కలదు. ఎరువులు దిగు రోజున సభ్యులెల్లరు గిడ్డంగికి వత్తురు. ఆనాడే ప్రాథమిక ఆరోగ్య కేంద్రము వారిని పిలిపించి, జీడిపిక్కలు కొట్టు స్త్రీలతో సహా అందరికిని క్రియాటినిన్ పరీక్ష జరిపింపవలెనని రాబోవు సభలో తీర్మానము తెండు. బల్లలు, పందిరి, త్రాగునీరు సొసైటీయే ఈయగలదు.