గబ్బిలాల కోసం చేసిన డిస్కులు

బీటెక్‌లో సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ పేపర్ గట్టెక్కినవాళ్ళు మనలో బోలెడుమంది. శాంప్లింగ్ థీరం మీద ప్రశ్నొస్తే బొమ్మేసి మరీ జవాబు రాసినవాళ్ళమే. అదేంటో, ఉద్యోగమొచ్చి చేతిలో నాలుగు డబ్బులు ఆడేసరికి "సీడీ 44.1 కిలోహెర్ట్జేనండీ, ఇది 192, నాలుగు రెట్లు క్లియర్‌గా ఉంటుంది" అని ఎవడో అనగానే తలూపేసి కార్డు తీస్తాం.

ఆ థీరం ఏమంటుంది? సిగ్నల్లో ఉన్న అత్యధిక ఫ్రీక్వెన్సీకి రెండింతలు దాటిన వేగంతో శాంపిల్ చేస్తే ఆ సిగ్నల్ని పూర్తిగా తిరిగి రాబట్టొచ్చు అంటుంది. "దాదాపుగా" అనట్లేదు, పూర్తిగా అంటోంది. మనిషి చెవి హద్దు సుమారు 20 కిలోహెర్ట్జ్, వయసు మీదపడేకొద్దీ అదీ తగ్గుతుంది. అందుకే 1982లో వచ్చిన సీడీకి 44.1 సరిపోయింది. దాన్ని 192 చేస్తే అదనంగా వచ్చేది 96 కిలోహెర్ట్జ్ దాకా ఉండే శబ్దం. గబ్బిలాలకైతే బ్రహ్మాండంగా ఉంటుంది! కెమెరా మెగాపిక్సెళ్ళ లెక్క ఇక్కడ నడవదు. శాంపిళ్ళు పెంచితే వినపడే భాగంలో వివరమేమీ పెరగదు, పైకప్పు ఎత్తు పెరుగుతుంది, అంతే.

ఇక బిట్లు. 16 బిట్లంటే సుమారు 96 డెసిబెల్స్ వ్యత్యాసం. ఫ్యానూ, వీధిలో హారన్లూ ఉన్న మన ఇళ్ళల్లో అంత వ్యత్యాసం వినాలంటే పక్కింటివాళ్ళు పోలీసుల్ని పిలిచేంత సౌండు పెట్టాలి. స్టూడియోలో మాత్రం 24 బిట్లు కావాలి, కాదనను. లెక్క మధ్యలో డబుల్ ప్రెసిషన్ వాడి, చివర్లో రౌండ్ చేసి చూపిస్తాం కదా, ఇదీ అంతే. చివరి జవాబు వినేవాడికి ఆ అదనపు అంకెలు ఎందుకు?

1999లో సోనీ, ఫిలిప్స్ కలిసి ఎస్ఏసీడీ తెచ్చాయి, 2000లో డీవీడీ-ఆడియో వచ్చింది. 2007లో బ్రాడ్ మేయర్, డేవిడ్ మోరన్ ఒక పని చేశారు. ఇలాంటి డిస్కులే వేసి, దారి మధ్యలో సిగ్నల్ని 16 బిట్లు, 44.1కి కుదించే అడ్డంకి పెట్టి, ఏది ఏదో చెప్పమన్నారు. 554 ప్రయత్నాల్లో 276 సరైనవి. నాణెం ఎగరేసినా అంతే వస్తుంది. వాళ్ళు వాడిన డిస్కుల్లో కొన్ని అసలు హై-రిజల్యూషన్ రికార్డింగులే కావని తర్వాత విమర్శ వచ్చింది. బాగుంది! మరి అవి కొని "ఆహా" అన్నవాళ్ళ చెవులు ఆ సంగతి ఎందుకు కనిపెట్టలేదు?

అవతలి పక్షం కూడా చెప్పాలి. 2016లో జాషువా రీస్ 18 అధ్యయనాల్ని కలిపి లెక్కేస్తే సరైన జవాబులు 52.3 శాతం తేలాయి. శిక్షణ ఇచ్చినవాళ్ళలో అది 60 దాకా వెళ్ళింది. అంటే తేడా బొత్తిగా సున్నా అనలేం. కానీ శిక్షణ తీసుకుని, చెవులు రిక్కించి, పదిలో ఆరుసార్లు పట్టుకునే తేడా కోసమా మనం పాట వినేది?

"మరి నా ఎస్ఏసీడీ సీడీ కంటే నిజంగానే బాగుందే?" అంటారా? ఉండొచ్చు. అది మాస్టరింగ్ గొప్పదనం. మెటాలికా వాళ్ళ 2008 ఆల్బం 'డెత్ మాగ్నెటిక్' సీడీలో సౌండు పిండేసి ఊపిరాడకుండా చేస్తే, 'గిటార్ హీరో' వీడియోగేములో ఉన్న అవే పాటలు మెరుగ్గా ఉన్నాయని అభిమానులే గోలపెట్టారు. డిస్కు ఫార్మాట్ చేసిన మాయ కాదది, శ్రద్ధగా మిక్స్ చేస్తే వచ్చిన ఫలితం. ఆ శ్రద్ధ మామూలు సీడీలోనూ హాయిగా పడుతుంది. నా కోపమంతా ఇక్కడే. మంచి మాస్టరింగ్ మనకి దక్కాల్సిన హక్కు, దాన్ని ఖరీదైన డిస్కులో పెట్టి "ఇది 24 బిట్ల మహిమ" అని అమ్మడమేంటి? పైగా దానికి తాళాలు. ఎస్ఏసీడీ పొరని మన కంప్యూటర్ డ్రైవు చదవదు, డబ్బు పెట్టి కొన్న పాటని ఫోన్లోకి ఎక్కించుకోవడానికి నానా పాట్లు పడాలి.

ఐదు స్పీకర్ల సరౌండ్ కావాలన్నా, మంచి మాస్టరింగ్ ఆ డిస్కులో తప్ప దొరక్కపోయినా కొనండి, తప్పులేదు. 2021 నుంచి ఆపిల్ మ్యూజిక్ అయితే హై-రిజల్యూషన్ని అదనపు డబ్బు అడక్కుండానే ఇస్తోంది. అది పెట్టుకుని మామూలు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లో వింటే మధ్యలో మళ్ళీ కుదింపే, అది వేరే కథ.

నా మాట నమ్మక్కర్లేదు. ఒక 24/96 ఫైలు తీసుకోండి. సాక్స్‌తో 16/44.1కి దించి, మళ్ళీ 24/96కి ఎక్కించండి. ఫూబార్‌లో ఏబీఎక్స్ ప్లగిన్ పెట్టి 16 సార్లు వినండి. 12 సరిగ్గా చెబితే అది గుడ్డిదెబ్బ అయ్యే అవకాశం 4 శాతం లోపే, అప్పుడు మీరు డిస్కులు కొనుక్కోండి, నేను నోరెత్తను. చెప్పలేకపోతే ఆ డబ్బుతో మంచి స్పీకర్లు కొనండి, గదికి మందపాటి కర్టెన్లు వేయించండి, నాలుగు కచేరీలకి టికెట్లు తీసుకోండి. ఆ తేడా వినడానికి ఏ పరీక్షా అక్కర్లేదు.