బయటికి కనపడని కొవ్వు

మా గల్లీలో ఒక చెల్లె పోయిన వారం నన్ను ఆపి అడిగింది. "అన్నా, మా ఆయన సన్నగనే ఉంటడు కదా. మా మరిదికి కిడ్నీ ఇస్తనంటే డాక్టరేమో ఈయనకు ఆపరేషన్ కష్టమైతది, ఇంకెవరినన్నా చూడమన్నడు. కోయకముందే ఎట్ల తెలుస్తది? ఉత్తగనే తిప్పుతున్నరా?" అని. ఆమెకు సగమే చెప్పిన. మిగతాది ఇక్కడ రాస్తున్న.

ఆరేండ్ల కింద మా తమ్మునికి రెండు కిడ్నీలూ చెడిపోయినయి. ఇక్కడ సోలాపూర్‌లోనే వారానికి రెండుసార్లు డయాలసిస్. ఇచ్చేటందుకు ఉన్నది నేను, సిరిసిల్లకు ఇచ్చిన మా చెల్లె. 1994 చట్టం ప్రకారం తోబుట్టువులు దగ్గరి బంధువుల లెక్కలోకే వస్తరు. రక్తం ఇద్దరిదీ సరిపోయింది. పెద్దోణ్ణి గనక నేనే ఇస్తనన్న. నా కాళ్ళు చేతులు పుల్లల లెక్క ఉంటయి, పొట్ట మాత్రం కొంచెం ముందుకు. చెల్లె బొద్దు మనిషి. నాదే సులువని ఇంట్ల అందరం అనుకున్నం.

రక్తనాళంలోకి మందు ఎక్కించి ఇద్దరికీ సీటీ తీసినరు. ఒక్కో కిడ్నీ ఎంత పని చేస్తదో చూసేటందుకు ఇంకో స్కాన్. రెండింట్ల మంచిది ఇచ్చినోళ్ళకే ఉంచుతరు. రెండూ సమానమైతే ఎక్కువగా ఎడమదే తీస్తరు, దాని సిర పొడుగుంటది గనక అవతలి మనిషికి కుట్టుడు అల్కగ అయితది.

సర్జన్ నన్ను కూచోబెట్టి ఫొటోలు చూపిచ్చిండు. మామూలుగా కిడ్నీకి ఒక ధమని ఉంటది. నాకు ఎడమ దిక్కు మూడు, కుడి దిక్కు రెండు. ఎన్ని ఉంటే అన్నీ జాగ్రత్తగ కోయాలె, అవతల అన్నీ అతకాలె, అంతసేపు కిడ్నీకి రక్తం అందది. అదొక్కటే కాదు. కిడ్నీ చుట్టూ అందరికీ కొవ్వు ఉంటది. నాది మందంగ ఉండి, అందులో గీతలు గీతలుగ కనపడ్డయి. అట్లుంటే కొవ్వు కిడ్నీకి అంటుకపోయి ఉంటదట. గంజి ఎక్కువైన పడుగు పోగులు మనకు తెలుసు కదా, ఒకటి విడదీయబోతే పక్కది తెగుతది. అట్లన్నమాట. 2014లో అమెరికాల మేయో క్లినిక్ వాళ్ళు దీనికొక లెక్క కట్టినరు, సున్న నుంచి 5 దాకా. మొదట కిడ్నీ గడ్డల ఆపరేషన్ కోసం కట్టిందే, తర్వాత దాతలకూ చూస్తున్నరు. మొగోళ్ళకు కొవ్వు లోపల పేరుకుంటది, ఆడోళ్ళకు ఎక్కువ చర్మం కిందనే. అందుకే బొద్దు చెల్లెకు లోపల శుభ్రంగ ఉంది, ఒకటే ధమని.

"ఎవరూ లేకుంటే నాది తీస్తరా సార్?" అన్న. "తీస్తం. కానీ మీకు ప్రమాదం ఎక్కువ, ఆమె ఉండంగ ఎందుకు?" అన్నడు.

బయటికొచ్చి మెట్ల మీద కూసున్న. నిజం రాస్తున్న, పానం తేలికైంది. వెంటనే సిగ్గనిపిచ్చింది. మన దేశంల కిడ్నీ ఇచ్చేటోళ్ళు ఎక్కువమంది ఆడోళ్ళే. మా ఇంట్ల కూడా మళ్ళీ ఆడపిల్ల మీదికే పోయె. డాక్టరు చెప్పింది విన్ననా, నా భయం విన్నదా? రాత్రంతా అదే. తెల్లారి మళ్ళ పోయి ఫొటోలు ఇంకోసారి చూపియ్యమన్న. ఆయన విసుక్కోలే. మూడు ధమనులూ వేలు పెట్టి లెక్కవెట్టుకున్న. అప్పుడు చెల్లెకు ఫోన్ చేసిన. "వస్తున్న" అన్నది, ఇంకేం అడగలే.

సీటీతోని తెలిసేది అంచనానే, లోపలికి పోతే వేరే ఉండొచ్చని డాక్టరు ముందే చెప్పిండు. అట్లనే అయింది. చెల్లెది దుర్బీనుతో చేసే ఆపరేషన్, పొట్ట కింద చిన్న కోత. మూడు గంటలన్నది నాలుగు దాటింది. వెనక దిక్కు ఒక సన్న సిర నుంచి రక్తం కారిందట, ఆపినరు. ఆ గంట నేనూ బావా ఒకరి మొహం ఒకరం చూసుకోలే.

గల్లీ చెల్లెకు చెప్పేది ఇది. మీ ఆయనను తీసుకొని మళ్ళ పో. ఏ దిక్కు ఎన్ని ధమనులు, కొవ్వు ఎట్లున్నది, ఏ కిడ్నీ ఉంచుతరు అని అడుగు. ఫొటో చూపియ్యమను. చూపిస్తరు.

తమ్ముడు ఇప్పుడు దుకాణంల కూసుంటున్నడు. చెల్లె ప్రతి రాఖీ పున్నానికి వస్తది. నీదెందుకు తియ్యలేదన్నా అని ఒక్కనాడూ అడగలే. మెట్ల మీది సంగతి నేనూ చెప్పలే. ఈ పత్రిక ఆమె ఇంటికి కూడా పోతది.