పెదవి ఇక్కడ... మాట అక్కడ!

కొత్తవాడ అంటే జంపఖానాలు. అక్కడి మగ్గాల మీద లఘుచిత్రం తీసిన కుర్రాళ్లు ఈమధ్య నాకు ఫైనల్ కాపీ వేసి చూపించారు. ముసలి నేతకారుడు తన బతుకు చెప్పుకొస్తున్నాడు. కానీ పెదవి ఒక చోట, మాట మరో చోట! ఆయన కన్నీళ్లకు జనం నవ్వుతారేమోనని దిగులేసింది నాకు.

సంగతేమిటంటే, సెల్‌ఫోన్‌లో సెకనుకు 30 ఫ్రేములు తీశారు. మాట వేరే రికార్డరులో పట్టారు. కంప్యూటరు మొరాయిస్తోందని బొమ్మకు 25 ఫ్రేముల ప్రాక్సీ చేసి, దాని మీద కత్తెర వేశారు. ప్రాక్సీలో 1500వ ఫ్రేము అంటే సరిగ్గా నిమిషం. అసలు బొమ్మలో అదే అంకె 50వ సెకనే! అంకె పట్టుకుని కలిపితే బొమ్మ జరిగిపోదూ?

రీళ్ల రోజుల్లోనూ ఇంతే సుమండీ. ఎడిటర్ కత్తెర రష్ ప్రింటు మీద పడేది. తర్వాత అంచున ఉన్న నంబర్లు చూసి నెగటివు కోసేవారు. 35 ఎం.ఎం. ఫిల్ముకు అడుగుకి 16 ఫ్రేములు. లెక్క తప్పి కోస్తే ఆ ఫ్రేములు పోయినట్టే.

అందుకని తమ్ముళ్లూ, ప్రాక్సీ సైజు ఎంతైనా తగ్గించండి, ఫ్రేముల లెక్క మాత్రం ముట్టుకోకండి. ఫోన్ వీడియోలో ఆ లెక్క నడుమ నడుమ మారుతుంటుంది కూడా. మొదటి కత్తెర పడకముందే దాన్ని ఒకే వేగానికి మార్చుకోండి!