మన పొలాలు పట్నానికి చెత్తకుండీలా?

"చెత్త నుంచి సంపద" అనే మాట ఈమధ్య ఏ సభకు పోయినా వినిపిస్తోంది. పట్నం ఇళ్ల చెత్తలో పెద్ద వ్యాపారం ఉందట. ఉంది, కాదనం. అట్టపెట్టెలు, ఇనుము, సీసాలు ఏరి అమ్మితే డబ్బు. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం మురగబెడితే గ్యాసు. ఇండోర్‌లో 2022లో మొదలైన ప్లాంటు రోజుకు 550 టన్నుల తడి చెత్త నుంచి బయో సీఎన్‌జీ తీయడానికి కట్టింది. హైదరాబాద్ జవహర్‌నగర్‌లో చెత్త కాల్చి కరెంటు తీస్తున్నారు. మిగతాది కుళ్లబెట్టి, సంచులు కుట్టి, 'సిటీ కంపోస్టు' పేరుతో మనకు పంపుతారు. మన పేచీ ఈ సంచితోనే.

ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఇందులో నత్రజని కనీసం 0.8 శాతం ఉండాలి. అంటే 50 కిలోల సంచికి 400 గ్రాములు. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోలు దాటి ఉంటుంది. కంపోస్టు వేసేది నత్రజని కోసం కాదు, నేల గుల్లబారడానికని మనకు తెలుసు. తాతల నాటి నుంచి దిబ్బ ఎరువు తోలినవాళ్లం. కానీ దానికి ఎకరాకు టన్నుల్లో వెయ్యాలి. యూరియా కోసం లైన్లో నిలబడ్డ రైతుకు లింకు పెట్టి రెండు సంచులు అంటగడితే నేలకు ఒరిగేదేమిటి?

2016లో కేంద్రం ఈ కంపోస్టుకు టన్నుకు 1500 రూపాయల సాయం ప్రకటించింది. రైతుకు ధర తగ్గుతుందన్నారు. సొమ్ము మాత్రం కంపెనీల చేతికి. రసాయన ఎరువులతో కలిపి అమ్మాలన్నదీ ఆ విధానంలోనిదే. డీలర్ల లింకుకు దారి అక్కడే పడింది.

తడి, పొడి, ప్రమాదకర చెత్త ఇంటి దగ్గరే వేరు చెయ్యాలని 2016 నిబంధనలు చెప్పాయి. వేరు చేసి ఇచ్చినది కూడా బండిలో కలిపేయడం పట్నం పోయిన ప్రతిసారీ చూస్తున్నాం. కలిశాక జల్లెడకు కవర్లు ఆగుతాయేమో గాని, బ్యాటరీల్లోంచి దిగిన సీసం, కాడ్మియం ఆగవు. కిలోకు సీసం 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5 మించరాదని ఉత్తర్వులో ఉంది. సంచి కొన్న ఏ రైతుకు ఆ పరీక్ష కాగితం చూపించారు? మడిలో వంగి నాటు వేసే ఆడకూలీల వేళ్లు తెగడానికి గోరంత గాజు పెంకు చాలు. ఇక నేలలో చేరిన లోహాలను తీసే మందు ఏ దుకాణంలోనూ దొరకదు.

మన పొలాల సారమే కూరగాయలై పట్నం చేరుతోంది. అది తిరిగి రావాల్సిందే, కానీ శుభ్రంగా రావాలి. రైతుబజార్లు, హోటళ్లు, హాస్టళ్ల తడి చెత్తను విడిగా పట్టడం కష్టం కాదు. దాన్ని ముందు చుట్టుపక్కల రైతు సంఘాలకు ఇవ్వాలి, తోలుబడి ఖర్చుతో సహా. కుప్ప తిరగెయ్యడం మనకెవరూ నేర్పనక్కర్లేదు, ఆ వ్యాపారమేదో మనమే చేస్తాం. సాయం సొమ్ము కొనే రైతు ఖాతాలో పడాలి. ప్రతి లాటుకూ పరీక్ష కాగితం రావాలి. గాజు కనబడితే కంపెనీ ఖర్చుతోనే లారీ వెనక్కి పోవాలి.

ఈ సీజనులో ఎవరైనా లింకు పెట్టి సంచులు అంటగడితే బిల్లు అడిగి తీసుకోండి. ఒక సంచి విప్పకుండా ఉంచండి. శాంపిలు తీయమని మండల వ్యవసాయాధికారికి రాసిచ్చి, ఆ కాగితం నకలు సంఘం ఆఫీసుకు పంపండి.