సర్వర్ చీటీలో రాయవలసిన మాటలు



హాస్టల్ వార్షికోత్సవ సంచిక అనగానే చదువు విలువ గురించో, క్రమశిక్షణ గురించో, మహనీయుల జీవితాల గురించో రాయడం ఆనవాయితీ. ఈసారి నేను కంప్యూటర్ గురించి, అందులోనూ కంటికి కనిపించని ఒక చిన్న విషయం గురించి రాస్తున్నాను. దానికి కారణం ఉంది. ఈ రోజున మన హాస్టల్ విద్యార్థి బతుకంతా వెబ్‌సైట్ల మీద నడుస్తోంది. కులం, ఆదాయం సర్టిఫికెట్లు, స్కాలర్‌షిప్పు దరఖాస్తు, హాల్ టికెట్టు, ఫలితాలు, కాలేజీ సీటు, చివరకు ఉద్యోగ ప్రకటన వరకు అన్నీ అక్కడే. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు, తల్లిదండ్రుల ఆదాయం, ఇంటి చిరునామా మన చేతులతో మనమే అందులో నింపుతున్నాము.

బజారులో ఒక దుకాణం మీద నమ్మకం లేకపోతే పక్క దుకాణానికి పోతాము. స్కాలర్‌షిప్పుకు పక్క వెబ్‌సైటు లేదు. బొంబాయికో, పుణెకో కూలికి పోయిన తల్లిదండ్రుల బిడ్డ నారాయణపేటలో కూర్చుని ఆ ఒక్క సైటునే తెరవాలి. ఎంచుకునే అవకాశం లేనివాడికి రక్షణ కల్పించవలసిన బాధ్యత ఆ సైటు నడిపేవారిదే. ఆ బాధ్యతలో పైసా ఖర్చు లేకుండా, కొద్దిపాటి శ్రమతో అయ్యే భాగం ఒకటుంది. దాన్ని కూడా వదిలేయడం నిర్లక్ష్యం తప్ప మరొకటి కాదన్నదే నేను చెప్పదలచుకున్న మాట.

చీటీ అంటే ఏమిటి?

మనం బ్రౌజర్‌లో ఒక చిరునామా కొట్టగానే, ఆ పేజీ కావాలని బ్రౌజర్ సర్వర్‌ను అడుగుతుంది. సర్వర్ జవాబు పంపుతుంది. ఆ జవాబులో మనకు కనిపించే పేజీ కంటే ముందు కొన్ని వరుసలు ఉంటాయి. వాటిని రెస్పాన్స్ హెడర్లు అంటారు.

నారాయణపేట చీరల పెట్టె ఆర్టీసీ పార్సిల్‌లో హైదరాబాదు పోతున్నదనుకోండి. లోపల చీరలుంటాయి. పైన ఒక చీటీ ఉంటుంది. ఎవరు పంపారు, ఎవరికి చేరాలి, తడవనీయవద్దు అని దాని మీద రాసి ఉంటుంది. కొన్నవారు చీరను చూస్తారు, మోసేవారు చీటీని చూస్తారు. హెడర్లు కూడా అలాంటి చీటీలే. వాటిని చదివేది బ్రౌజర్. ఈ పేజీని ఎంతకాలం దాచుకోవాలి, ఎక్కడి నుంచి వచ్చిన కోడ్‌ను నడపాలి, ఎవరిని దగ్గరకు రానీయకూడదు అన్న సంగతులు ఆ చీటీలో రాయవచ్చు. రాయకపోతే బ్రౌజర్ తన పాత అలవాటు ప్రకారం పోతుంది. వెబ్ మొదలైన 1990ల నాటి ఆ అలవాట్లలో అనుమానం తక్కువ, నమ్మకం ఎక్కువ. ఇబ్బందంతా అక్కడే వస్తోంది.

మాచర్ల, తిరుపతి చెప్పిన పాఠం

ఇదేదో అమెరికా సంగతి అనుకోవద్దు. 2018 సెప్టెంబరులో గువాహటికి చెందిన ముగ్గురు యువ పరిశోధకులు మన దేశపు ప్రభుత్వ వెబ్‌సైట్లను పరిశీలించి ఒక విషయం బయటపెట్టారు. ఆంధ్రప్రదేశ్ పురపాలక శాఖ డైరెక్టరేట్, తిరుపతి నగరపాలక సంస్థ, మాచర్ల పురపాలక సంఘం వెబ్‌సైట్లలో పరాయి కోడ్ చేరి ఉంది. ఊరి పనుల కోసం ఆ పేజీ తెరిచిన ప్రతివాడి కంప్యూటర్ శక్తినీ వాడుకుని, ఎవరికో క్రిప్టో నాణేలు సంపాదించి పెట్టడమే ఆ కోడ్ పని. కరెంటు మనది, కంప్యూటర్ మనది, సంపాదన వాడిది. తెరిచినవాడికి మాత్రం కంప్యూటర్ నెమ్మదిగా నడుస్తోందని తప్ప ఇంకేమీ తెలియదు.

అదే ఏడాది ఫిబ్రవరిలో బ్రిటన్‌లోనూ ఇలాగే జరిగింది. చదవడం కష్టమైనవారికి పేజీని పైకి చదివి వినిపించే బ్రౌజ్‌అలౌడ్ అనే సదుపాయం ఉంది. దాని ఒక్క ఫైలును ఎవరో మార్చేశారు. దాన్ని వాడుకుంటున్న 4,000కు పైగా వెబ్‌సైట్లు ఒకేసారి ఆ నాణేల కోడ్‌ను నడిపాయి. పౌరుల సమాచారాన్ని కాపాడవలసిన ఆ దేశ సమాచార కమిషనర్ కార్యాలయం సైటు కూడా అందులో ఉంది. ఈ సంగతిని బయటపెట్టిన స్కాట్ హెల్మ్ అనే నిపుణుడు, ఒకటి రెండు వరుసలు రాసి ఉంటే ఇది ఆగిపోయేదని వివరించాడు.

ఇలాంటి పనికి అప్పట్లో ఎక్కువగా వాడిన కాయిన్‌హైవ్ అనే సేవ 2019 మార్చిలో మూతపడింది. దారి మాత్రం మూతపడలేదు. 2018లోనే బ్రిటిష్ ఎయిర్‌వేస్ సైటులో దూరిన కోడ్ నాణేలు తవ్వలేదు, ప్రయాణికులు కొట్టిన కార్డు నంబర్లనే మరో చిరునామాకు పంపింది. 4 లక్షలకు పైగా జనం వివరాలు ప్రమాదంలో పడ్డాయి. 2020లో ఆ సంస్థకు 2 కోట్ల పౌండ్ల జరిమానా పడింది. నాణేల కోడ్ చేరగలిగిన చోట రేపు ఆధార్ నంబర్లు దొంగిలించే కోడ్ కూడా చేరగలదు.

దీనికి అడ్డుకట్ట వేసే చీటీ పేరు కంటెంట్ సెక్యూరిటీ పాలసీ. ఈ పేజీలో ఫలానా చిరునామాల నుంచి వచ్చిన కోడ్‌ను మాత్రమే నడుపు, సమాచారాన్ని ఫలానా చోటుకు మాత్రమే పంపు అని సర్వర్ అందులో రాస్తుంది. జాబితాలో లేని చిరునామా నుంచి వచ్చిన కోడ్‌ను బ్రౌజర్ నడపనివ్వదు. ఫంక్షన్ హాలు గుమ్మం దగ్గర పిలిచినవారి పేర్లు పట్టుకుని నిలబడ్డ పెద్దమనిషి లాంటిది ఇది. అయితే పేజీ మధ్యలో ఎవరు రాసిన కోడైనా నడపవచ్చని అర్థమిచ్చే అన్‌సేఫ్ ఇన్‌లైన్ అన్న మాటను అందులో చేర్చారంటే ఆ పెద్దమనిషిని చాలావరకు పక్కన కూర్చోబెట్టినట్లే.

నెట్ సెంటర్‌లో మన పరిస్థితి

పుస్తకాలలో ఈ హెడర్ల గురించి రాసేవారు ఎక్కువగా సొంత ల్యాప్‌టాప్ ఉన్నవారిని మనసులో పెట్టుకుని రాస్తారు. మన పరిస్థితి వేరు. మక్తల్‌లోనైనా, ఊట్కూరులోనైనా, దామరగిద్దలోనైనా మన పిల్లలలో చాలామంది దరఖాస్తులు నింపేది నెట్ సెంటర్‌లో, జిరాక్స్ సెంటర్‌లో, మీసేవలో. చివరి తేదీ నాడు ఒకే కంప్యూటర్ ముందు ఒకరి తర్వాత ఒకరు కూర్చుంటారు. ఒకమ్మాయి దరఖాస్తు నింపి, డబ్బులిచ్చి వెళ్ళిపోతుంది. తర్వాత కూర్చున్నవాడు వెనక్కి వెళ్ళే బటన్ నొక్కితే, ఆమె ఫొటో, ఖాతా నంబరు, ఫోన్ నంబరు తెర మీద ప్రత్యక్షం కావచ్చు. బ్రౌజర్ ఆ పేజీని తనలో దాచుకుని ఉండడమే దీనికి కారణం.

క్యాష్ కంట్రోల్ అనే హెడర్‌లో నో స్టోర్ అని రాస్తే, ఈ పేజీని దాచుకోవద్దు అని బ్రౌజర్‌కు చెప్పినట్లు. లాగౌట్ చేసినప్పుడు క్లియర్ సైట్ డేటా అనే హెడర్ పంపితే, ఆ సైటుకు సంబంధించి దాచుకున్నవన్నీ తుడిచేయమని చెప్పినట్లు. నా దృష్టిలో పేదవారు వాడే ప్రతి సైటులో మొట్టమొదట రాయవలసిన చీటీ ఇదే. నగరాల నిపుణుల జాబితాలలో ఇది అడుగున ఉంటుంది. మన జాబితాలో పైన ఉండాలి.

మరికొన్ని చీటీలు

స్ట్రిక్ట్ ట్రాన్స్‌పోర్ట్ సెక్యూరిటీ: సైటుకు తాళం గుర్తు ఉన్నంత మాత్రాన సరిపోదు. మనం చిరునామా కొట్టేటప్పుడు ముందు హెచ్.టి.టి.పి.ఎస్ అని రాయము. ఊరూపేరూ తెలియని వైఫైలో మధ్యలో కూర్చున్నవాడు ఆ మొదటి అడుగులోనే మనల్ని తాళం లేని దారికి మళ్ళించగలడని 2009లో మాక్సీ మార్లిన్‌స్పైక్ అనే నిపుణుడు చేసి చూపించాడు. ఇకమీదట నా దగ్గరకు తాళం ఉన్న దారిలోనే రా అని చెప్పే ఈ హెడర్ 2012లో ప్రమాణంగా స్థిరపడింది. ఏడాదికి రాయాలంటే 3,15,36,000 సెకన్లు అని రాస్తారు. మొదట అయిదు నిమిషాలకు, అంటే 300 సెకన్లకు రాసి చూసుకుని తర్వాత పెంచడం మంచిది. ఎందుకంటే ఈ చీటీ రాసిన తర్వాత సైటు సర్టిఫికెట్ గడువు దాటనిస్తే, వచ్చినవారెవరూ లోపలికి రాలేరు.

ఫ్రేమ్ కట్టడి: ఉచిత ల్యాప్‌టాప్ అని ఆశ చూపే పేజీ మీద అసలు సైటును కనిపించకుండా పరిచి, మన చేతనే దాని బటన్ నొక్కించే మోసాన్ని 2008లో ఇద్దరు అమెరికా నిపుణులు బయటపెట్టి క్లిక్‌జాకింగ్ అని పేరు పెట్టారు. నా పేజీని వేరొకరి పేజీలో ఇమడ్చవద్దు అని చెప్పడానికి ఎక్స్ ఫ్రేమ్ ఆప్షన్స్, దాని కొత్త రూపమైన ఫ్రేమ్ యాన్సెస్టర్స్ ఉన్నాయి.

నోస్నిఫ్: ఫొటో అని చెప్పి అప్‌లోడ్ చేసిన ఫైలును బ్రౌజర్ తన తెలివితో కోడ్‌గా భావించి నడపకుండా ఇది ఆపుతుంది.

రెఫరర్ పాలసీ: దరఖాస్తు నంబరు ఉన్న మన పేజీ చిరునామా, మనం అక్కడి నుంచి వెళ్ళిన తర్వాతి సైటుకు తెలియకుండా ఇది కాపాడుతుంది.

కుకీలు: మనం లాగిన్ అయిన గుర్తును మోసే కుకీని కూడా సర్వర్ హెడర్‌లోనే పంపుతుంది. దానికి హెచ్.టి.టి.పి. ఓన్లీ, సెక్యూర్, సేమ్‌సైట్ అన్న మూడు మాటలు చేర్చితే దాన్ని దొంగిలించడం, దుర్వినియోగం చేయడం చాలా కష్టమవుతుంది.

వినిపించే అభ్యంతరాలు

చిన్న మునిసిపాలిటీ సైటులో దొంగిలించడానికి ఏముంది అని కొందరంటారు. హాస్టల్‌లో మన ట్రంకు పెట్టెలో బంగారం ఉండదు. అయినా తాళం వేస్తాము. మాచర్ల సైటులో ఏముందని దూరారు? వచ్చిపోయే జనం ఉన్నారు, అదే వారికి చాలు.

ఈ వరుసలు రాస్తే అన్నీ భద్రమైపోతాయా అని మరికొందరు అడుగుతారు. కావు. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ సైటులో 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు, కులం, మతం ఎవరైనా చూడగలిగేలా ఉన్నాయని తేలింది. ఆ తప్పును ఏ హెడరూ ఆపలేదు. బట్టబయలుగా పెట్టిన దస్త్రానికి చీటీ ఏం చేస్తుంది? అలాగే సర్వర్ మొత్తం పరాయివాడి చేతికి చిక్కితే చీటీని కూడా వాడే మార్చేస్తాడు. అయినా దోమతెర వల్ల అన్ని జబ్బులూ ఆగవని దోమతెర కట్టుకోవడం మానేస్తామా?

హెడర్లు రాస్తే సైటు చెడిపోతుందన్న భయం ఇంకొకటి. కంటెంట్ సెక్యూరిటీ పాలసీ విషయంలో ఈ భయం నిజమే. అందుకే రిపోర్ట్ ఓన్లీ అనే పద్ధతి ఉంది. అందులో బ్రౌజర్ దేన్నీ ఆపదు, ఏది ఆగిపోయేదో మాత్రమే చెబుతుంది. కొన్ని వారాలు చూసి, సరిచేసుకుని, తర్వాత అమలు చేయవచ్చు. ఇక పాత బ్రౌజర్లంటారా, అర్థం కాని వరుసను అవి వదిలేసి ముందుకు పోతాయి, నష్టం లేదు.

ఎవరు ఏం చేయాలి?

ప్రభుత్వ శాఖలు వెబ్‌సైటు పనిని కాంట్రాక్టుకు ఇచ్చేటప్పుడు రంగులు, బొమ్మలు, స్క్రోలింగ్ అక్షరాల గురించి ఎంతైనా రాస్తాయి. ఈ హెడర్లు ఉండాలన్న షరతును కూడా టెండర్‌లోనే రాయాలి. ఏడాదికొకసారి తనిఖీ చేసి, ఆ ఫలితం జనానికి చూపాలి. వ్యక్తిగత సమాచార రక్షణ కోసం పార్లమెంటు 2023 ఆగస్టులో చట్టం చేసింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. తగిన భద్రతా చర్యలు తీసుకోని సంస్థకు రూ. 250 కోట్ల వరకు జరిమానా వేయవచ్చని ఆ చట్టం చెబుతోంది. ఉచితంగా రాయగలిగిన నాలుగు వరుసలు కూడా రాయనివారు తగిన చర్యలు తీసుకున్నామని ఎలా చెప్పుకుంటారు?

మన హాస్టల్‌లో చదివి హైదరాబాదులో, బెంగళూరులో, విదేశాలలో కంప్యూటర్ ఉద్యోగాలు చేస్తున్న అన్నలకు, అక్కలకు ఒక మనవి. మీరు నడిపే సర్వర్ అపాచీ అయినా, ఎంజిన్ఎక్స్ అయినా, ఇవన్నీ కాన్ఫిగరేషన్ ఫైలులో ఒక్కో వరుస మాత్రమే. ఎంజిన్ఎక్స్‌లో ఒక మెలిక ఉంది, గుర్తుంచుకోండి. పైన సర్వర్ బ్లాకులో హెడర్లు రాసి, కింద లొకేషన్ బ్లాకులో మళ్ళీ ఒక్క హెడర్ రాసినా, మామూలుగా పైన రాసినవేవీ అక్కడికి దిగిరావు. ఆల్వేస్ అన్న మాట చేర్చకపోతే ఎర్రర్ పేజీలకు కూడా అవి అందవు. మార్కులిచ్చే పరీక్షా సైట్లలో ఏ గ్రేడు తెచ్చుకోవడమే లక్ష్యంగా పెట్టుకోవద్దు. అక్కడ పరీక్షించిన మొదటి పేజీ ఒక్కటి కాదు, విద్యార్థి వివరాలు కనిపించే లోపలి పేజీ ముఖ్యం.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! మీరు కూడా ఈ చీటీలను చూడవచ్చు. కంప్యూటర్‌లో ఏదైనా సైటు తెరిచి ఎఫ్12 నొక్కండి. నెట్‌వర్క్ అన్న చోటుకు వెళ్ళి, పేజీని మళ్ళీ లోడ్ చేసి, మొదటి వరుస మీద నొక్కితే రెస్పాన్స్ హెడర్లు కనిపిస్తాయి. చూడడం తప్పు కాదు. ఇతరుల సైటులోకి చొరబడడానికి ప్రయత్నించడం మాత్రం చట్టరీత్యా నేరం. లోపం కనిపిస్తే ఆ శాఖకు, లేదా కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన సెర్ట్ ఇన్‌కు రాయండి. నెట్ సెంటర్‌లో పని ముగియగానే లాగౌట్ చేసి, బ్రౌజర్ మూసి, అప్పుడే కుర్చీ లేవండి. అప్పుడైనా ఆ జాగ్రత్త అంతా మన మీదనే వేసి, సైటు నడిపేవారు చేతులు దులుపుకుంటే ఒప్పుకోకూడదు.

మన ముందు తరాల వారు అర్జీ రాయించుకోవడానికి ఇంకొకరి గుమ్మం ముందు నిలబడ్డారు. మనం మన అర్జీ మనమే నింపుకునే దశకు వచ్చాము. ఆ అర్జీలో రాసిన మన వివరాలు మన అనుమతి లేకుండా ఎవరి చేతికీ పోకూడదని అడగడం కూడా మన హక్కే. ఈ సంచిక చదివినవారిలో సర్వర్ చేతిలో ఉన్న ఒక్కరైనా రేపు ఉదయం తమ ఫైలు తెరిచి ఆ వరుసలు రాస్తారని ఆశిస్తూ సెలవు తీసుకుంటున్నాను.