బ్లేడు తీసేయండి, సబ్బు పెట్టుకోండి

ప్రథమ చికిత్స కిట్లను మనకు లెక్క చెప్పి అమ్ముతున్నారు. అట్టపెట్టె మీద వంద వస్తువులనో నూటయాభై వస్తువులనో పెద్ద అక్షరాలతో వేస్తారు. విప్పి చూస్తే సగానికి పైగా వేలికి చుట్టుకునే చిన్న ప్లాస్టర్లు, ఆపైన స్పిరిట్ స్వాబ్‌లు, నాలుగు పిన్నీసులు, దేన్నీ సరిగ్గా కోయలేని ఓ కత్తెర. తలకోనకో, నాగలాపురం కొండలకో, అనంతగిరికో వెళ్ళి ఒకటి రెండు రాత్రులు ఉండి వచ్చేవాళ్ళు చాలామంది దీన్ని వీపు సంచీలో అడుగున పడేసి, జాగ్రత్త తీసుకున్నామనే అనుకుంటారు. ఇంకొందరు రెండో కొసకు పోతారు. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఒక కవర్లో పోసుకుని బయల్దేరతారు. నా వాదన ఏమిటంటే, రెండు మూడు రోజుల నడకకు కావలసిన మందుల సంచి అరచేతిలో పట్టేంత ఉంటే చాలు. కాకపోతే అది వస్తువులను కలుపుకుంటూ పోతే తయారయ్యేది కాదు, తీసేస్తూ పోతే తయారయ్యేది. దాని పని నడవగలిగినవాణ్ణి నడిపించడం, నడవలేనివాణ్ణి డాక్టరు దగ్గరికి చేరేదాకా మరింత చెడగొట్టకుండా చూడడం. మన సంచుల్లో చెడగొట్టే సామానే ఎక్కువగా కనిపిస్తుంది.

నడిపించడం సంగతి ముందు చూద్దాం. అడవి అనగానే పామునీ ఎలుగునీ తలుచుకుంటాం గానీ, నడకను మధ్యలో ఆపేది మామూలుగా మడమ మీద లేచిన బొబ్బ. దానికి మందు కూడా ఏమంత గొప్పది కాదు. ఆసుపత్రిలో సెలైన్ సూది కదలకుండా నర్సు అతికించే తెల్ల కాగితపు టేపు ఉంది చూశారా, మైక్రోపోర్ అని ఏ మందుల షాపులో అడిగినా ఇస్తారు, అదే. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 250 కిలోమీటర్ల పందెంలో పరుగెత్తిన 128 మంది పాదాలకు ఈ టేపు వేసి చూశారు. వేసిన చోట బొబ్బలు 40 శాతం తగ్గాయని 2016లో ప్రకటించారు. బొబ్బ లేచాక వేస్తే లాభం తక్కువ, పైగా తీసేటప్పుడు తోలు ఊడివస్తుంది. నడుస్తుంటే ఎక్కడో చర్మం వేడెక్కి చురుక్కుమన్నప్పుడే ఆగి, బూటు విప్పి, అతికించాలి. గుంపు ముందుకు పోతుందని మొహమాటపడి ఆగనివాడికి టేపు ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. నాగలాపురం లాంటి చోట వాగుల్లో దిగి ఎక్కుతూ పోవాలి కాబట్టి తడిసిన టేపు ఊడుతుంది. అందుకని టేపు చుట్ట మొత్తం తీసుకెళ్ళాలి, పొడి సాక్సు ఒక జత దానికి తోడుండాలి. టేపు పక్కన నాలుగంగుళాల క్రేప్ బ్యాండేజీ ఒకటి. చీలమండ బెణికితే కట్టుకోవడానికి, గాయం మీద గాజుగుడ్డ కదలకుండా బిగించడానికి, విరిగిందేమో అన్న చేతిని కర్రకు ఆనించి కట్టడానికి, అన్నిటికీ ఆ ఒక్క చుట్టే చాలు. యాభై చిన్న ప్లాస్టర్ల స్థలంలో ఇది పడుతుంది.

తర్వాత నీళ్ళ సంగతి. మన కొండల్లో వాంతులూ విరేచనాలూ, ఎండదెబ్బా రెండూ ఒంట్లో నీటినీ ఉప్పునూ లాగేసేవే. చైత్ర పౌర్ణమికి నల్లమలలో సలేశ్వరం లోయలోకి దిగేవాళ్ళు నడిచేది నిండు ఎండాకాలంలో. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో కిక్కిరిసిన బన్‌గావ్ శిబిరంలో కలరా ప్రబలి, సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనోబిస్ ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళను డ్రమ్ముల్లో పెట్టి తాగించారు. ముప్పై శాతం దాకా ఉన్న మరణాలు నాలుగు శాతం లోపుకు దిగాయి. ఇవాళ ఆ విద్య 20.5 గ్రాముల పొట్లంలో దొరుకుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, మామూలు ఉప్పు 2.6 గ్రాములు, మిగిలింది పొటాషియం, సిట్రేటు లవణాలు. ఇందులో కొలత ముఖ్యం. లీటరు పొట్లాన్ని చిన్న సీసాలో చిక్కగా కలుపుకుంటే మేలు పోయి కీడు జరుగుతుంది. అలాగే ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకుని, చక్కెర దండిగా పోసి అమ్మిన పెట్టె పానీయాలు కొన్నేళ్ళపాటు మందుల షాపుల్లోనే రాజ్యమేలాయి. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. కాబట్టి పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రమని రాసి ఉందో లేదో చూసి, మనిషికి రోజుకు రెండు చొప్పున పెట్టుకోండి. సంచీలో ఎక్కువ సంఖ్యలో ఉండాల్సిన వస్తువు ఇదొక్కటే. ఇంకో ముక్క కూడా ఇక్కడే చెప్పాలి. ఎండదెబ్బ తగిలి ఒళ్ళు కాలిపోతూ మాట తడబడుతున్న మనిషికి జ్వరం మాత్ర వేయకూడదు. అది జ్వరం కాదు, ఆ మాత్రకు తగ్గేదీ కాదు. నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి, విసరడమే వైద్యం.

గాయాల విషయంలో మన అలవాట్లు కొంచెం మొండివి. పసుపు, కాఫీపొడి, ఇప్పుడు వాటి స్థానంలో స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్. తాగడానికి పనికొచ్చే నీళ్ళు ధారగా పోసి కడగడం సెలైన్‌తో కడిగినంత మంచిదేనని పరిశోధనలు తేల్చాయి. స్పిరిటూ పెరాక్సైడూ క్రిములతో పాటు మానాల్సిన కండను కూడా దెబ్బతీస్తాయి. దూది పోచలు గాయంలో ఉండిపోతాయి కాబట్టి దాని బదులు గాజుగుడ్డ ముక్కలు నాలుగైదు కావాలి. రక్తం కారుతుంటే గాజుగుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టుకోవాలి, రెండేసి నిమిషాలకోసారి ఎత్తి చూడకుండా. ఇక ఏ రెడీమేడ్ కిట్టులోనూ కనబడనిది సబ్బు ముక్క. తిరుమల మెట్ల దారిలో చూసినా, జలపాతాల దగ్గర చూసినా కోతులు చేతుల్లోని సంచులు లాక్కుంటున్నాయి, రక్కుతున్నాయి. కోతి గానీ కుక్క గానీ కరిస్తే, గోరు గీసుకుని రక్తం కనబడినా సరే, వెంటనే సబ్బూ నీళ్ళతో పదిహేను నిమిషాలు కడగాలి, ఆ తర్వాత రేబిస్ టీకాకు వెళ్ళాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించే మందు లేదు కనుక ఆ పదిహేను నిమిషాల విలువ ఇంతా అంతా కాదు. హోటల్ గదిలో ఇచ్చే బుల్లి సబ్బు సరిగ్గా సరిపోతుంది.

ఇప్పుడు పాము. మన ట్రెక్కింగ్ సంచుల్లో బ్లేడూ, తాడూ, విషం పీల్చే పంపూ చేరింది దీని పేరనే. భయం అబద్ధం కాదు. 2000 నుంచి 2019 వరకు దేశంలో ఏటా సగటున 58 వేల మంది పాముకాటుతో చనిపోయారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా కట్టింది. ఎక్కువ బరువు మోసిన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉంది. ప్రమాదం అంత పెద్దదైనప్పుడు సంచీలో దానికంటూ ఏదో ఒకటి ఉండాలి కదా అన్నది సహజమైన వాదనే. కానీ సంచీలో పట్టే మందు దానికి లేదు. పంపుతో పీల్చితే విషం దాదాపు ఏమీ రాదని పరీక్షల్లో తేలింది, వచ్చేది రక్తమూ నీరూ. రక్తపింజర విషం రక్తాన్ని గడ్డకట్టనీయదు, అటువంటి మనిషి కాలు బ్లేడుతో కోస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? గట్టిగా తాడు కడితే కింద కండ చచ్చుబడుతుంది, విప్పగానే విషం ఒక్కసారిగా పైకి పోతుంది. ప్రభుత్వ మార్గదర్శకాలు చెప్పేది చాలా సాదా విషయం: ధైర్యం చెప్పండి, ఉంగరాలూ పట్టీలూ తీసేయండి, కరిచిన కాలు కదలకుండా కట్టండి, విరుగుడు మందున్న ఆసుపత్రికి మోసుకుపోండి. ఆ కట్టడానికి పైన చెప్పిన క్రేప్ బ్యాండేజీ ఉంది, కర్ర అడవిలో ఉంది. పామును చంపి తీసుకెళ్ళే పనీ లేదు. నాగుపాముకూ కట్లపాముకూ పింజరలకూ కలిపి పనిచేసే మందే ఇక్కడ ఇస్తారు.

మాత్రల దగ్గర తగ్గించమంటే ఎక్కువ అభ్యంతరం వస్తుంది. ఒక స్ట్రిప్ పారాసిటమాల్, ఒక స్ట్రిప్ సెట్రిజిన్, ఎవరి మందులు వాళ్ళవి, అంతే అంటాను. బాగా నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ ఎందుకు వద్దు? అడవిలో వచ్చిన జ్వరం డెంగీ కావచ్చు, కరిచింది పింజర కావచ్చు. రెండింటిలోనూ రక్తస్రావం భయం ఉంటుంది, ఆ జాతి మాత్రలు దాన్ని పెంచుతాయి. బెణుకు నొప్పికి పారాసిటమాల్ కాస్త తక్కువ పని చేస్తుందన్నది నిజం. ఆ కాస్తనూ ఒక పూట భరించవచ్చు. యాంటీబయాటిక్ మాత్రలు రెండు రోజుల నడకకు అనవసరం. విరేచనాలు ఆపే లోపెరమైడ్‌ను పెద్దవాళ్ళు బస్సు ప్రయాణానికి వాడుకోవచ్చు గానీ, జ్వరమో రక్తమో ఉంటే అది హాని చేస్తుంది, పిల్లలకు అసలు వద్దు. ఆ తేడా అప్పటికప్పుడు చెప్పగలవాళ్ళు తక్కువ గనుక నేను దాన్ని సంచీలో పెట్టను. సెట్రిజిన్ దద్దుర్లకూ దురదకూ పనికొస్తుంది. తేనెటీగలు ముసిరి కుట్టి, గొంతు బిగుసుకుని ఊపిరాడని మనిషికి అది చాలదు. అప్పుడు కావలసింది అడ్రినలిన్ సూది. తొడకు గుచ్చుకుంటే సరిపోయే రెడీమేడ్ పరికరాలు మన మందుల షాపుల్లో మామూలుగా దొరకవు. ఇంతకుముందు అలా జరిగిన మనిషి డాక్టరును అడగకుండా కొండెక్కకూడదు. తేనెటీగ ముల్లు గోటితో గీకాలా, పట్టి లాగాలా అని చర్చ పెట్టుకోవద్దు, ఎలాగైనా సరే త్వరగా తీసేయడమే మేలు.

గుంపులో నాయకుడి దగ్గర పెద్ద కిట్ ఉంటుంది కదా, మాకెందుకు అనేవాళ్ళున్నారు. నాయకుడు ముందుంటాడు, బొబ్బ లేచినవాడు వెనకబడతాడు. టేపూ ఓఆర్ఎస్సూ సొంత మాత్రలూ ఎవరి సంచీలో వాళ్ళకే ఉండాలి. గాజుగుడ్డా క్రేప్ బ్యాండేజీ గుంపుకు రెండు చోట్ల ఉన్నా సరిపోతుంది. ఇంతకంటే గట్టి అభ్యంతరం ఒకటుంది: అడవిలో ఫోను పలకదు, 108 రాదు, అటువంటప్పుడు సంచీ పెద్దది కావద్దా? 2005 ఆగస్టులో హైదరాబాదులో మొదలైన 108 ఇవాళ మారుమూల పల్లెలకూ వెళ్తోంది గానీ, రోడ్డు ఉన్నంత మేరకే వెళ్తుంది. నిజమే. అయితే సిగ్నల్ లేకపోవడానికి విరుగుడు ఇంకో పది మందులు కాదు. సిగ్నల్ ఎక్కడ ఆగిపోతుందో, ఏ మలుపు దగ్గర మళ్ళీ వస్తుందో, రోడ్డు ఎన్ని గంటల నడకలో ఉందో, మనిషిని మోయడానికి ఎంతమంది ఉన్నారో తెలిసి ఉండడం. హిమాలయాల్లో వారం రోజులు నడిచేవాళ్ళ లెక్క వేరు, అక్కడ ఎత్తుకు సంబంధించిన మందులూ వాటి చదువూ కావాలి. తలకోనలో ఆ మందులు మోయడం దండగ.

ఇవన్నీ ఒక జిప్ కవర్లో పట్టేస్తాయి. మాత్రలను స్ట్రిప్‌లోనే ఉంచండి, విడదీసి డబ్బాలో పోస్తే పేరూ గడువు తేదీ రెండూ పోతాయి. ఒక కాగితం మీద మీ పేరు, మీకు పడని మందులు, రోజూ వేసుకునే మాత్రలు, ఇంటి ఫోన్ నంబరు రాసి అందులో పెట్టండి. ధనుర్వాతం సూది వేయించుకుని పదేళ్ళు దాటితే బయల్దేరకముందే వేయించుకోండి. మీరు దిగబోయే ఊరికి దగ్గర్లోని ఏరియా ఆసుపత్రికి ముందురోజే ఫోన్ చేసి, పాముకాటు మందూ రేబిస్ టీకా నిల్వ ఉన్నాయో లేదో కనుక్కోండి. లేవంటే, ఉన్న ఆసుపత్రి ఎన్ని కిలోమీటర్ల దూరమో అదే కాగితం వెనక రాసుకోండి.