నానమ్మ మోకాళ్లు, నా మసాజ్ గన్

చిన్నప్పుడు రాత్రి అన్నాలయ్యాక నానమ్మకి కాళ్లు పట్టడం నా డ్యూటీ. నువ్వుల నూనెలో కర్పూరం వేసి, గోరువెచ్చగా కాచి గిన్నె నా ముందు పెట్టేది. ఇంజినీరింగ్‌కి వచ్చాక ఆ ఉద్యోగం పోయింది. థర్డ్ ఇయర్‌లో ఇంటర్న్‌షిప్ డబ్బులొస్తే గొప్పగా మసాజ్ గన్ ఒకటి కొని పంపించాను. సంక్రాంతికి వెళ్లి చూస్తే అది అటక మీదుంది. "మోకాల్లో బోరు వేసినట్టుందిరా" అంది.

సరే, మళ్లీ గిన్నె తెచ్చుకున్నాను.

"గుజ్జు అరిగిపోతే నూనె ఏం చేస్తుందిరా, బేరింగ్ పోతే మార్చాల్సిందే" అంటాడు నా రూమ్మేట్. మెకానికల్ వాడు మరి. వాడన్నదాంట్లో సగం నిజమే. ఏ మర్దనా అరిగిన గుజ్జుని తిరిగి తేలేదు. కానీ నొప్పి మొత్తం ఆ అరిగిన చోటే పుట్టదు కదా. నొప్పికి భయపడి నడక తగ్గిస్తారు, తొడ కండరాలు బలం తగ్గి బిగుసుకుంటాయి, దాంతో నొప్పి ఇంకా పెరుగుతుంది. అమెరికాలో మోకాళ్లు అరిగిన 222 మంది మీద చేసిన అధ్యయనం ఒకటి 2018లో వచ్చింది. వారానికి గంట చొప్పున 8 వారాలు మసాజ్ చేయించుకున్నవాళ్లకి, ఊరికే చెయ్యి ఆనించి ఉంచిన వాళ్లకంటే బాధ బాగా తగ్గింది. ఏడాది చివరికొచ్చేసరికి మాత్రం గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు. కాబట్టి మసాజ్ ఉత్తిదే అనేవాళ్లతో నేను ఒప్పుకోను. అదే వైద్యం అనేవాళ్లతో అసలు ఒప్పుకోను. రెండో మాట నేను నేర్చుకున్న తీరు వేరు.

ఆ పండక్కి నానమ్మ వేళ్లు కూడా చూపించింది. పొద్దున లేవగానే గంటసేపు పిడికిలి పడట్లేదట. వేళ్ల మొదళ్లు ఉబ్బి, ముట్టుకుంటే వేడిగా ఉన్నాయి. నేనేం చేశాను? మోకాళ్లకి పనిచేసింది కదా అని వాటినీ గట్టిగా ఒత్తాను. ఆవిడ పళ్లు బిగించి "హాయిగా ఉంది నాన్నా" అంది. మనవడి చెయ్యి కదా, ఇంకేమంటుంది. "రోజూ నూనె రాయండి, తగ్గుతుంది" అని ఇంట్లో చెప్పి బస్సెక్కేశాను. డాక్టర్ దగ్గరికి వెళ్లడం నాలుగు నెలలు వాయిదా పడింది, నా సలహా మీద.

మోకాళ్లది అరుగుదల, వేళ్లది కీళ్లవాతం అని అప్పుడు తేలింది. రెండోదాంట్లో శరీరంలోని రోగనిరోధక వ్యవస్థే కీళ్ల మీద దాడి చేస్తుంది. ఎంత తొందరగా మందులు మొదలుపెడితే కీలు అంత మిగులుతుంది, ఒకసారి దెబ్బతిన్నది వెనక్కి రాదు. ఉబ్బి వేడిగా ఉన్న కీలుని గట్టిగా ఒత్తకూడదని కూడా అప్పుడే విన్నాను. ఆ నాలుగు నెలల్లో ఎంత పోయిందో డాక్టర్ చెప్పలేదు, నేనూ అడగలేకపోయాను.

మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు కీళ్లు పట్టేసి కూర్చునుంటారు. గన్ ఆర్డర్ పెట్టేముందు ఆ నొప్పికి పేరేంటో డాక్టర్‌తో చెప్పించండి. తర్వాత కాళ్లు పట్టండి, చిప్ప మీద కాకుండా తొడా పిక్కా.

నానమ్మ ఇప్పుడు మందులు వాడుతోంది. మోకాళ్లకి డాక్టర్ కాలు ఎత్తి దించే వ్యాయామం కూడా రాశారు. ఆదివారం వీడియో కాల్‌లో నేను లెక్కపెడతాను. ఎనిమిది దగ్గరే కాలు దించేసి, "పదయ్యాయి, నీకు లెక్కలు రావు" అంటుంది.